పెద్ద జబ్బు వచ్చిన ఇంట్లో మాట్లాడుకోవలసిన మాటలు

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఒక నర్సమ్మ స్మృతిలో ఏర్పాటైంది. ఆహ్వానపత్రంలో ఆమె పేరు లేదని మీరు గమనించే ఉంటారు. రాయలసీమ ఆసుపత్రుల్లో మెడికల్ వార్డులే లోకంగా పనిచేసి రిటైరైన ఆమె, తర్వాత తానే పెద్ద జబ్బు పడ్డారు. జబ్బు ఇక తిరగదని తెలిశాక పిల్లల్ని మంచం చుట్టూ కూర్చోబెట్టుకున్నారు. గొంతులో గొట్టం వేయించొద్దన్నారు. ఇంట్లోనే ఉంటానన్నారు. తనకు రావలసిన డబ్బు నర్సింగ్ చదివే పేదపిల్లలకు ఇమ్మన్నారు. తన పేరు మాత్రం ఎక్కడా పెట్టొద్దన్నారు. పిల్లలు నాలుగు మాటలూ నిలబెట్టారు. ఆ మాటలు ఆమె చెప్పగలిగారు, వినేవాళ్లు విన్నారు. అందువల్ల ఆ ఇంట్లో ఆ తర్వాత ఎవరూ "అట్ల చేసి ఉంటే బాగుండునేమో" అని కుమిలిపోలేదు. అటువంటి సంభాషణ మన ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఎన్ని మంచాల దగ్గర జరుగుతోందని ఆలోచిస్తే నాకు దిగులేస్తుంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. నయం కాని జబ్బుతో ఉన్న మనిషితో మున్ముందు వైద్యం ఎట్లా సాగాలో మాట్లాడేటప్పుడు మనం మందులతో మొదలుపెడుతున్నాం. ఆ మనిషి ఇంటితో, మనసుతో మొదలుపెట్టాలి. ఐసీయూలో పెట్టాలా వద్దా, ఇంకో విడత కీమో ఇవ్వాలా, డయాలసిస్ సాగించాలా అనే ప్రశ్నలకు స్కానింగ్ రిపోర్టులో దొరికేది సగం జవాబే. మిగతా సగం ఆ ఇంటి అప్పుల్లో ఉంటుంది, పెళ్లి కావలసిన కూతురి గురించిన బెంగలో ఉంటుంది, ఊరు ఏమనుకుంటుందోనన్న భయంలో ఉంటుంది. ఆ సగం అడక్కుండా రాసిన వైద్యప్రణాళిక ఎంత శాస్త్రీయమైనదైనా ఆ ఇంటి గడప దగ్గరే ఆగిపోతుంది.

మన మంచాల మీద ఎవరున్నారు

దీర్ఘరోగం మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915లో మొదలైంది. క్షయకు మందే లేని ఆ రోజుల్లో విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండే వైద్యం. నెలల తరబడి అక్కడ పడుకున్న మనిషికి దగ్గు ఎంత బాధో, ఇంటి దగ్గర సేద్యం ఎవరు చూస్తున్నారన్న చింత కూడా అంతే బాధ అయి ఉంటుంది. 1957లో కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది, 2006లో కడపకు రిమ్స్ వచ్చింది, ఇప్పుడు కర్నూలులో రాష్ట్ర క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. మందులు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి. రోగి చింత మాత్రం ఇంటి చుట్టూనే తిరుగుతోంది.

కర్నూలు జిల్లా పడమటి మండలాలను చూడండి. కోసిగి, ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు వానలు తప్పిన ఏడు ఇంటికి తాళమేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు మిరపకోతకో తెలంగాణ పత్తితీతకో పోతారు. దాన్ని అక్కడ సుగ్గి అంటారు. ఏడాదికి సరిపడా బియ్యం, పిల్లల బట్టలు, అప్పు వడ్డీ అన్నీ ఆ నాలుగు నెలల కూలిలోనే రావాలి. ఆ ఇంట్లో ఒకరికి నోటి క్యాన్సర్ వచ్చిందనుకోండి. మనం చీటీ మీద మూడు వారాలకొకసారి రమ్మని రాస్తాం. "సరే సార్" అని పోతారు. రెండోసారి రారు. మనం ఫైలు మీద 'రోగి రాలేదు' అని రాసుకుంటాం. "ఈ ఏడు సుగ్గికి ఎవరెవరు పోతారు? మీ దగ్గర ఎవరుంటారు? బువ్వ ఎవరు పెడతారు?" అని మొదటిరోజే అడిగి ఉంటే ఆ ప్రణాళిక వేరుగా ఉండేది. విడతల తేదీలు జరిపేవాళ్లం. జేజి దగ్గర ఉండే మనవరాలికి పుండు కడగడం నేర్పేవాళ్లం. ఊరి ఆశా కార్యకర్తకు ఒక ఫోన్ చేసేవాళ్లం.

కడప వైపు పరిస్థితి ఇంకో రకం. రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో కువైట్‌తో సంబంధం లేని వీధి ఉండదు. తల్లి ఇక్కడ మంచం మీద ఉంటుంది. ఖర్చు పెట్టే కొడుకు అక్కడ డ్రైవరు. కూతురు అక్కడ ఎవరింట్లోనో పనిమనిషి, యజమాని సెలవిస్తే తప్ప రాలేదు. మంచం దగ్గర ఉన్న కోడలికి నిర్ణయం చెప్పే హక్కు లేదు. నిర్ణయం చెప్పే కొడుకు తల్లి ముఖం ఫోన్ తెర మీదే చూస్తాడు. దూరాన ఉన్నవాడు "ఎంతైనా ఫర్వాలేదు, మిషన్ మీద పెట్టండి సార్, నేనొస్తాను" అంటాడు. అది ప్రేమ. దూరంగా ఉన్నానన్న అపరాధభావం కూడా అందులో ఉంది. కొడుకు దిగేదాకా ఆ తల్లి గొంతులో గొట్టంతో, మంచానికి కట్టిన చేతులతో ఎదురుచూస్తుంది. ఆమె మాట్లాడగలిగిన రోజుల్లోనే మనం ఆ కొడుక్కి ఫోన్ చేసి "బాబూ, రావాలనుకుంటే ఈ నెలలో రా, అమ్మ నీతో మాట్లాడే స్థితిలో ఉన్నప్పుడు రా" అని చెప్పి ఉంటే మిషన్‌కు పెట్టిన డబ్బుతో టికెట్టు వచ్చేది, తల్లీకొడుకులకు నాలుగు రోజులు దక్కేవి. ప్రయాణం ఎప్పుడు పెట్టుకోవాలో చెప్పడం కూడా వైద్యంలో భాగమేనని నేను నమ్ముతాను.

బేతంచెర్ల, బనగానపల్లె నాపరాతి పనిలో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడినవాళ్లు ఉన్నారు. నడివయసు రాకముందే ఆయాసంతో కూర్చుండిపోతారు. వాళ్ల పిల్లలు బడి ఈడువాళ్లు. అటువంటి మనిషి "ఆక్సిజన్ ఇంటికి ఇస్తారా సార్?" అని అడిగితే దాని వెనక "నా పిల్లోల్ల గతి ఏమి?" అన్న ప్రశ్న ఉంటుంది. మనం మొదటిదానికి జవాబు చెప్పి పక్క మంచానికి పోతాం.

ఊరి నోటి భయం

మన కుటుంబాలు తాహతుకు మించి ఎందుకు ఖర్చు పెడతాయో చాలామంది డాక్టర్లకు అర్థం కాదు. ఇక నయం కాదని కర్నూలులో చెప్పిందే హైదరాబాదులోనూ చెప్పారు. అయినా గొర్రెలమ్మి రాయవేలూరుకు పోతారు. 1900లో ఐడా స్కడర్ స్థాపించిన ఆ వెల్లూరు ఆసుపత్రి మన సీమకు చివరి న్యాయస్థానం వంటిది. అక్కడ కూడా లాభం లేదంటేనే మనసు ఊరుకుంటుంది. పైగా ఎవరైనా పోయిన తర్వాత పలకరించడానికి వచ్చిన బంధువులు మొదట అడిగేది "యాడికి తీసకపోయినారు?" అనే. ఆ ప్రశ్నకు చెప్పుకోదగ్గ జవాబు ఉండాలని కొడుకులు రెండెకరాలు కుదువ పెడతారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్ల భారం చాలా తగ్గింది, అది నిజంగా పెద్ద మేలు. తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలికి మాత్రం ఏ పథకమూ లేదు.

ఇక్కడ డాక్టరు చేయగల పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. బంధువులు నలుగురూ చేరినప్పుడు, వాళ్ల పెద్దల ఎదుట "ఈ పిల్లలు చేయవలసిందంతా చేశారు. ఇంకో ఊరు తిప్పితే ఆయనకు బాధ తప్ప మేలు లేదు. ఇప్పుడు ఆయన్ను నొప్పి లేకుండా చూసుకోవడమే అసలైన వైద్యం. అది నేను చూస్తాను" అని గట్టిగా చెప్పాలి. తెల్లకోటు వేసుకున్న మనిషి నోటివెంట ఆ మాట వస్తే ఊరి నోరు మూతపడుతుంది. కొడుకు భుజం మీది బరువు దిగుతుంది. "ఇంక మా చేతుల్లో ఏమీ లేదు, తీసుకుపోండి" అనే మాట మాత్రం ఎవరమూ అనకూడదు. నయం చేయడం మన చేతుల్లో లేకపోవచ్చు. నొప్పి తగ్గించడం, ఆయాసం తగ్గించడం, పుండు కడగడం, పక్కన కూర్చోవడం చివరిదాకా మన చేతుల్లోనే ఉంటాయి.

సిద్ధయ్యను పూలకు పంపడం

"సార్, ఆయనకు మాత్రం చెప్పొద్దు." ప్రతి వార్డు వరండాలోనూ ఈ మాట వినిపిస్తుంది. తెలిస్తే దిగులుతో ముందే పోతాడన్న భయంతో, ప్రేమతో అంటారు. అటు రోగికి తెలియకుండా ఉంటుందా? కరెంటు (రేడియేషన్) పెట్టే గది ముందు వరసలో కూర్చున్న పదిమందినీ చూస్తాడు. ఎన్నడూ రాని బావమరిది పండ్లు తీసుకుని వస్తే గమనిస్తాడు. తెలిసిందని చెబితే పిల్లలు ఏడుస్తారని తనూ దాస్తాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నటిస్తూ చెరో మూల ఒంటరిగా భయపడుతుంటారు.

ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మన నేల మీదే పుట్టిన ఒక గాథ గుర్తొస్తుంది. పోతులూరి వీరబ్రహ్మంగారు కందిమల్లయ్యపల్లెలో 1693లో సజీవ సమాధి పొందారని మఠ సంప్రదాయం. భార్యకు, బిడ్డలకు, శిష్యులకు ముందుగానే ఆ సంగతి చెప్పారు. దూదేకుల ఇంట పుట్టి, ఇల్లు వదిలి వచ్చి, అందరికంటే దగ్గరైన సిద్ధయ్యకు మాత్రం చెప్పలేదు. తట్టుకోలేడని పూలు తెమ్మని బనగానపల్లెకు పంపారు. సిద్ధయ్య తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. అప్పుడతను సమాధి దగ్గర పడి ఏడ్చిన ఏడుపును మన ఊళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ ఏడుపు విని గురువు మళ్లీ బయటికి వచ్చి అతనితో మాట్లాడి, తన దండం, కమండలం, పాదుకలు ఇచ్చి పంపారని కథ.

ఆ గాథకు ఆధ్యాత్మికార్థం చెప్పడానికి పండితులున్నారు. నేను వైద్యుడిగా అందులో చూసేది వేరు. తట్టుకోలేరని మనం ఎవరిని దూరంగా పంపుతామో వాళ్ల దుఃఖమే అన్నిటికంటే పెద్దదవుతుంది. బ్రహ్మంగారు తిరిగి వచ్చి మాట్లాడగలిగారు. మన వార్డుల్లోంచి వెళ్లిపోయినవాళ్లు తిరిగి రాలేరు. పదో తరగతి పరీక్షలని హాస్టల్లోనే ఉంచేసిన కూతురు, కాన్పు దగ్గరపడిందని కబురు చేయని పెద్దమ్మాయి, చిన్నపిల్లాడని బంధువులింటికి పంపిన కొడుకు, వీళ్లందరూ మన సిద్ధయ్యలే. మాట్లాడే వేళ ఉండగానే వాళ్లను పిలిపించాలి.

అలాగని కుటుంబంతో పోట్లాడి, వాళ్లను తోసేసి రోగికి నిజం చెప్పేయడం వైద్యం కాదు. వాళ్లను పక్కకు పిలిచి కూర్చోబెట్టి "చెబితే ఏమవుతుందని మీ భయం?" అని ముందు అడగాలి. వాళ్ల భయం పూర్తిగా వినాలి. తర్వాత రెండు మాటలివ్వాలి. ఆయన అడగనిది నేనుగా మీద పడి చెప్పను. ఆయన సూటిగా అడిగితే మాత్రం అబద్ధం ఆడను. ఈ రెండు మాటల మీద ఒప్పుకోని కుటుంబం అరుదు. ఆ తర్వాత రోగినే అడగాలి. "మా పెద్దోనికి చెప్పండి సార్, నాకు సాలు" అంటాడా, అది కూడా అతని నిర్ణయమే, మన్నించాలి. తెలుసుకోవడం ఎంత హక్కో, తెలుసుకునే భారం నమ్మినవాళ్ల మీద పెట్టడం కూడా అంతే హక్కు.

అడిగే తీరు

ఉదయం రౌండ్లలో, పదిమంది విద్యార్థులు చుట్టూ నిలబడి ఉండగా ఈ మాటలు జరగవు. ఒక కుర్చీ కావాలి. మూసే తలుపో, కనీసం ఒక తెరో కావాలి. ఫోన్ పక్కన పెట్టిన అరగంట కావాలి. ముందు నొప్పి తగ్గి ఉండాలి. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని రేపటి గురించి అడగడం అన్యాయం.

అమెరికాలోని బోస్టన్‌లో ఏరియడ్నీ ల్యాబ్స్ అనే సంస్థ ఈ సంభాషణకు ఒక చిన్న కాగితం తయారు చేసింది. ఏ వరసలో ఏం అడగాలో అందులో ఉంటుంది. మనకూ అటువంటిది ఉండాలి, మన మాటలో ఉండాలి. నేను అడిగే ప్రశ్నలు ఇవి:

"మీ జబ్బు సంగతి మీకేం అర్థమయింది, పెద్దాయనా?"

"ఇంకా ఏం తెలుసుకోవాలని ఉంది? ఎవరుండగా చెప్పమంటారు?"

"రాత్రి నిద్ర పట్టనప్పుడు ఏది గుర్తొచ్చి బాధ పెడుతోంది?"

"ఇది చూడాలి, ఈ పని అయిపోవాలి అని మనసులో ఉన్నదేమిటి?"

"మీరు మాట్లాడలేని రోజు వస్తే మీ తరఫున ఎవరి మాట వినమంటారు?"

"ఏం జరిగినా ఇది మాత్రం నాకు వద్దు అనిపించేది ఏమైనా ఉందా?"

అడిగిన తర్వాత ఊరుకోవాలి. ఇదే అన్నిటికంటే కష్టం. రోగి పైకప్పు వంక చూస్తూ మౌనంగా ఉంటే మనకు తోచక మందుల గురించి మాట్లాడటం మొదలుపెడతాం. ఆ మౌనాన్ని వదిలేస్తే అసలు మాట వస్తుంది. "పాసుబుక్కు ఇంకా మా నాయన పేరు మీదనే ఉంది సార్" అంటాడు ఒకాయన. తను పోతే అన్నదమ్ములు భార్యకు భూమి దక్కనివ్వరని ఆయన భయం. ఆయనకు ఆ వారం కావలసింది తహసీల్దారు కార్యాలయానికి పోయి రాగల ఓపిక. అది తెలిశాక బలహీనపరిచే మందు ఒక వారం వాయిదా వేయడమే సరైన వైద్యం. ఇంకొకామెకు కావలసింది మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో కూర్చోగలగడం. ఇంకొకాయనకు మంత్రాలయంలో ఒక గురువారం. కడపలో ఒక పెద్దామెకు పెద్ద దర్గాలో ఫాతిహా. ఈ కోరికల చుట్టూ వైద్యాన్ని అమర్చవచ్చు. వైద్యం చుట్టూ ఈ కోరికలను అమర్చబోతే రెండూ పోతాయి.

"నాకు నయమవుతుందా సార్?" అని అడిగితే తప్పించుకోవద్దు. "మేలు జరగాలనే చూద్దాం. ఒకవేళ జరగకపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకుని పెట్టుకుందాం" అనే మాట నిజమూ చెబుతుంది, చెయ్యీ వదలదు.

ఆడవాళ్లను విడిగా అడగాలి. భర్త పక్కన నిలబడి ఉండగా ఎవరిని అడిగినా "మా ఇంటాయన ఎట్లంటే అట్ల" అనే జవాబే వస్తుంది. నర్సు ఒంటరిగా అడిగినప్పుడు వేరే మాట వస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరిన ఒకామె నర్సుతో చెప్పింది: చావంటే భయం లేదట, తన దగ్గర వచ్చే వాసనకు కోడలు అన్నం గడప దగ్గర పెట్టి పోతోందట, అదే ప్రాణం తీస్తోందట. అటువంటి పుండు మీద మెట్రోనిడజోల్ బిళ్ల పొడి చేసి చల్లితే వాసన తగ్గుతుంది. చవకైన మందు. వాసన తగ్గాక ఆమె అరుగు మీద కూర్చోగలిగింది, పిల్లలు దగ్గరికి వచ్చారు. ఆ తర్వాతే ఆమె తన వైద్యం గురించి మాట్లాడటానికి ఒప్పుకుంది. సిగ్గు అనే బాధకు కూడా మందు ఉందని, అది అడిగితేనే దొరుకుతుందని ఆమె నాకు నేర్పింది.

నొప్పి గురించి

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త, ఆ తర్వాత డాక్టరు. మూడు కుర్చీల్లో కూర్చుని చూసింది కాబట్టే నొప్పికి ఒంటి బాధ, మనసు బాధ, ఇంటి బాధ, దైవచింత అని నాలుగు ముఖాలున్నాయని, ఒకదాన్ని వదిలి మరొకటి తగ్గదని చెప్పగలిగింది.

ఒంటి నొప్పికి మార్ఫిన్ ఉంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం కారణంగా లైసెన్సుల గొడవకు భయపడి ఆసుపత్రులు దాన్ని ఉంచుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు ఒకే అనుమతితో తెప్పించుకునే వీలు కల్పించారు. చట్టం మారి ఇన్నేళ్లయినా మన భయం మారలేదు. "మత్తుమందు అలవాటవుతుంది" అని కుటుంబం, "ఎందుకొచ్చిన తలనొప్పి" అని మనం. డాక్టరు సరైన మోతాదులో ఇస్తే నొప్పి ఉన్న రోగికి అది ప్రాణం తీసే మందు కాదనీ, మలబద్ధకం రాకుండా తోడు మందు ఇస్తామనీ ఓపికగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచమంతటా ఉపశమన వైద్యం అవసరమైనవారు ఏటా 5 కోట్ల 68 లక్షల మంది. అది అందేది వారిలో 14 శాతానికే. ఆ అందనివారిలో మన ఆలూరు, మన పులివెందుల కూడా ఉన్నాయి.

ఎక్కడ కన్నుమూయాలి

ఎక్కడ ఉండాలని ఉంది అంటే మన దగ్గర ఎక్కువగా వినిపించే మాట "ఇంటికి తోలకపోండి." ఆ కోరిక తీర్చడానికి అడ్డంకులు ఏమిటో అడగాలి. సొంత ఇల్లేనా? కర్నూలులో అద్దెకుంటే ఇంట్లో చావు జరగడానికి ఇంటి యజమాని ఒప్పుకోడు. ధనిష్ఠా పంచకం పట్టే ఇళ్లలో మంచి నక్షత్రం కాకపోతే ఇల్లు మూసేయాల్సి వస్తుందని భయం. ఆ భయంతో చివరి గంటల్లో మనిషిని ఆరుబయట పడుకోబెట్టిన కుటుంబాలున్నాయి. వాళ్లను కించపరచడం వల్ల ప్రయోజనం లేదు. ముందుగా మాట్లాడుకుంటే సొంత ఊళ్లోని చిన్నాయన ఇల్లో, గుడి పక్క సత్రమో ఒక దారి దొరుకుతుంది. రాత్రి రెండు గంటలకు ఆయాసం ఎక్కువైతే ఏ మందు ఇవ్వాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏది జరిగితే 108కి చేయాలి, ఏది జరిగితే అవసరం లేదు అన్నది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి. అది లేకనే ఇంట్లో పోదామనుకున్న మనిషి అంబులెన్సులో పోతున్నాడు.

పూడ్చడమా, దహనమా, లింగధారులైతే కూర్చోబెట్టి సమాధి చేయడమా, పాస్టరుగారు రావాలా, కల్మా చదివేవాళ్లు పక్కన ఉండాలా అన్నవి కూడా అడగవలసినవే. అడగడం అపశకునమని మనం జంకుతాం. పెద్దవాళ్లు అంత జంకరు. చాలామంది తమ సమాధి ఏ చెట్టు కింద ఉండాలో ఎప్పుడో అనుకుని పెట్టుకున్నారు.

మన ఆసుపత్రుల పద్ధతిలో ఒక అన్యాయం ఉంది. ఇంటికి తీసుకుపోతామన్న కుటుంబం చేత 'వైద్యసలహాకు విరుద్ధంగా మా ఇష్టప్రకారం' అని సంతకం పెట్టించుకుంటాం. ఆ సంతకంతో వాళ్లు నేరం చేసినవాళ్లలా తలవంచుకుని పోతారు. చేతిలో నొప్పిమందు ఉండదు, ఫోన్ నంబరు ఉండదు. ఇంటికి పోవడమే మేలని అందరికీ తెలిసిన చోట, ఆ ప్రయాణాన్ని మనమే మన సలహాగా, మన మందులతో, మన ఏర్పాటుతో జరిపించాలి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో తీర్పు చెప్పింది. తిరిగి కోలుకునే ఆశ లేనప్పుడు కృత్రిమంగా ప్రాణం నిలిపే వైద్యం వద్దని ముందే రాసిపెట్టుకోవడానికి దారి చూపింది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నిబంధన వల్ల అది ఆచరణలోకి రాలేదు. 2023 జనవరిలో దాన్ని సడలించారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. మన తరఫున మాట్లాడవలసిన వాళ్ల పేర్లు అందులో రాయాలి. ఆ తర్వాత కూడా వైద్యుల బోర్డులు రెండు పరిశీలించాకే నిర్ణయం అమలవుతుంది, కాబట్టి దుర్వినియోగమవుతుందని భయపడనక్కరలేదు. ఆ కాగితానికి బలం వచ్చేది మాత్రం దానికి ముందు ఇంట్లో జరిగిన మాటల వల్లనే. మాటలు జరగని ఇంట్లో కాగితం బీరువాలోనే ఉంటుంది.

మనం చేయగలిగినవి

కోళికోడ్ మెడికల్ కాలేజీలో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ ఒక చిన్న గదిలో నొప్పి క్లినిక్ మొదలుపెట్టారు. అది తర్వాత కేరళ ఊరూరికీ పాకింది. అక్కడ పొరుగువాళ్లే వాలంటీర్లయ్యారు. రోగి ఇంటికి పోయి పుండు కడగడంతో పాటు ఆ ఇంటికి బియ్యం, పిల్లలకు పుస్తకాలు చేరేలా చూశారు. 2008లో కేరళ ప్రభుత్వం దానికి విధానమే రాసింది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ ఆధ్వర్యంలో ఈ వైద్యం మొదలై, తెలంగాణ జిల్లాలకు విస్తరించింది. మన తెలుగువాళ్ల మధ్యనే జరుగుతున్న పని ఇది.

మన దగ్గర పొరుగువాళ్లు లేరా? ఓర్వకల్లు పొదుపు మహిళలు దేశానికి పాఠం చెప్పినవాళ్లు. రూపాయి రూపాయి కూడబెట్టి బ్యాంకును తమ దగ్గరికి రప్పించుకున్న ఆడవాళ్లు, సంఘంలో ఒక సభ్యురాలి ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉంటే వారానికొకసారి పోయి కూర్చోలేరా? సుగ్గి నెలల్లో ఆ ఇంటికి వంతులవారీగా బువ్వ పెట్టలేరా? అడిగితే చేస్తారని నా నమ్మకం.

అందువల్ల ఈ వేదిక నుంచి కొన్ని ప్రతిపాదనలు చేస్తున్నాను. ప్రతి జిల్లా ఆసుపత్రిలో, కర్నూలు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో, కడప రిమ్స్‌లో ఈ మాటల కోసం ఒక గది, వారంలో నిర్ణీతమైన గంటలు కేటాయించాలి. కేస్ షీటులో ఒక పేజీ తెలుగులో ఉండాలి. ఆదోని వైపు కన్నడం మాట్లాడేవాళ్లకు, పాతబస్తీల్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు వాళ్ల భాషలో అడిగే మనిషి ఉండాలి. దగ్గర ఎవరుంటారు, అప్పు ఎంత, పరాయి దేశంలో ఎవరున్నారు, ఎవరి మాట వినాలి, ఏది వద్దు అన్నవి ఆ పేజీలో రాయాలి. పింఛను సంగతి కూడా అక్కడే చూడాలి. 2024 జూలై నుంచి డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. అర్హత ఉండీ సర్టిఫికెట్టు లేక పొందనివాళ్లకు ఆ కాగితం ఇప్పించడం ఏ ఇంజెక్షన్‌కూ తీసిపోని ఉపశమనం. 2018 నుంచి గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాలు అందించవలసిన సేవల్లో ఉపశమన వైద్యం ఉంది. అక్కడి మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌కు, ఆశా కార్యకర్తకు ఆ పేజీ నకలు చేరాలి. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వైద్యుడి నడవడిక, నైతికత, మాటతీరు ఒక భాగమయ్యాయి. దాన్ని తరగతి గదిలో ముగించకుండా, సీనియర్ నర్సుల పక్కన కూర్చోబెట్టి నేర్పాలి.

ఈ మాటలు రోజూ మాట్లాడేవాళ్ల మనసు సంగతీ చూడాలి. రెండు చావులు చూసిన నైట్ డ్యూటీ తర్వాత ఇంటికి పోయి పిల్లలకు క్యారేజీ కట్టే నర్సమ్మ తన బాధ ఎవరితో చెప్పుకుంటుంది? వారానికొకసారి వార్డు సిబ్బంది అంతా కూర్చుని పోయినవాళ్ల గురించి మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. దుఃఖం దిగమింగిన చేతులు ఎక్కువకాలం మెత్తగా ఉండలేవు.

విద్యార్థులారా, మీరు నేర్చుకునే ప్రతి పరీక్షకూ యంత్రమో ల్యాబో కావాలి. ఈ ఒక్కదానికి కావలసింది మీరే. కుటుంబ పెద్దలారా, మీ ఇంట్లో జబ్బు రాకముందే, పండక్కి పిల్లలంతా వచ్చినప్పుడు, మీకేం కావాలో ఏం వద్దో చెప్పి ఉంచండి. అధికారులారా, ఈ పనికి కావలసిన గది, నర్సు, మార్ఫిన్ అనుమతి, ఇవి మూడూ మీ సంతకంతో వచ్చేవే. డాక్టర్లారా, రేపటి ఓపీలో కనీసం ఒక్క రోగి దగ్గర చీటీ రాయడానికి ముందు కలం కింద పెట్టి, రాత్రిపూట ఏది గుర్తొచ్చి బాధ పెడుతోందో అడగండి. వచ్చిన జవాబును కేస్ షీటులో రాయండి. ఆ జవాబును బట్టి మందు రాయండి.